సగంలో ఆపిన మాట

కిందటి వారం ఆ ముగ్గురినీ కంపెనీ ఆఫీసు మెట్ల మీద వదిలేశాం. అత్తగారు ఒక్కో మెట్టూ ఎక్కి, ఆగి, పళ్ళు బిగించి మళ్ళీ ఎక్కుతున్నారు. కొడుకు ఆవిడ మోచెయ్యి పట్టుకున్నాడు. కోడలు వెనకాల, ఆవిడ కూర్చోవడానికని తెచ్చిన మెత్తటి దిండు చంకలో పెట్టుకుని నడుస్తోంది.

మొన్నటిదాకా చదవనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్పాలంటే, జరిగింది ఇదీ. అత్తగారు కార్లో కూర్చుని ఉండగా, కోడలు వీధి మలుపులో ఉన్న పేరుమోసిన కాఫీ దుకాణం నుంచి కప్పు తెచ్చి చేతికిచ్చింది. ఆవిడ మూత ఊడదీశారు. మూత ఉన్నంతసేపూ బింకంగా ఉన్న కాగితం కప్పు, అది ఊడగానే నడుం విరిగినట్టు మడతపడింది. కాఫీ అంతా ఒళ్ళో పడింది. బట్ట ఒంటికి అతుక్కుపోయి, దాన్ని లాగితే చర్మం కూడా దాంతోపాటే వచ్చేసింది. రెండు తొడల మీదా ఇంకా పుళ్ళు మానలేదు. "తాగే కాఫీ మనిషిని ఇంతలా ఎలా కాల్చింది?" అని కొడుకు కంపెనీ మీద విరుచుకుపడ్డాడు. "కోర్టులెందుకు, మధ్యలో ఒక పెద్దమనిషిని పెట్టుకుని మాట్లాడుకుందాం రండి" అని కంపెనీ పిలిచింది. "మనవైపు నిజం ఉన్నప్పుడు లాయరెందుకు, దండగ" అన్నాడు కొడుకు. ఒక్క లాయరు కూడా వెంట లేకుండా వెళ్ళారు.

గది చల్లగా ఉంది. చలికాలం పొద్దున కాళ్ళు కడుక్కున్నంత చల్లగా. పొడుగాటి బల్ల, దాని చివర మధ్యవర్తి. పూర్వం జడ్జీగా చేసి రిటైరయిన ముసలాయన. జలుబు చేసినట్టుంది, ముక్కు ఎర్రగా ఉంది. ఫ్లాస్కులోంచి వేడినీళ్ళు మూతలోకి ఒంపుకుని, ఊదుకుని, ఊదుకుని ఓ గుక్క తాగుతున్నాడు.

కంపెనీ తరఫు లాయరు ఎదురొచ్చి కుర్చీ లాగాడు. కోడలి చంకలోంచి దిండు అందుకుని తనే కుర్చీలో సర్దాడు. "నిదానంగా కూర్చోండమ్మా, తొందరేం లేదు" అన్నాడు. ఫోన్లో మొదటిసారి ఆయన గొంతు విన్నప్పుడే అత్తగారు ఆయనకి 'నున్నటాయన' అని పేరు పెట్టేశారు. మనిషిని చూశాక ఆ పేరు మార్చాల్సిన అవసరం కనిపించలేదు. తల నున్నగా, గడ్డం నున్నగా, మాట వాటన్నిటికంటే నున్నగా ఉన్నాయి.

ఒకతను వచ్చి అందరి ముందూ కాఫీ పెట్టి వెళ్ళాడు. అదే కంపెనీ, అదే బొమ్మ, అదే కప్పు. కోడలు తన ముందున్న కప్పుని చేతి వెనకతో నెమ్మదిగా దూరం జరిపింది. కొడుకు ముట్టుకోలేదు. అత్తగారు మాత్రం మూత తీసి, చూపుడువేలు కాఫీలో ముంచి, అలాగే ఉంచారు.

"అమ్మా!" అన్నాడు కొడుకు.

"ఏం కాలేదులే. సొంత ఆఫీసుకి మాత్రం చల్లార్చే తెచ్చుకుంటున్నారు" అని, వేలు రుమాలుకి తుడుచుకున్నారు.

మధ్యవర్తి దగ్గాడో, నవ్వాడో తెలియలేదు. నున్నటాయన చిరునవ్వు చిరగలేదు.

"అమ్మగారి బాధ మాకు తెలుసండీ. మా కంపెనీకి మనసుంది. ఇప్పటిదాకా అయిన వైద్యం, ఇకముందు అయ్యేది, అంతా మేం చూసుకుంటాం. దానికి మేం అడిగేది ఒక్కటే" అంటూ ఒక కాగితం బల్ల మీద జరిపాడు. "ఇది ఇంట్లోవాళ్ళ అజాగ్రత్త వల్ల జరిగింది, కంపెనీ తప్పేం లేదు అని అమ్మగారు ఒక సంతకం పెట్టాలి. ఇంతటితో అందరికీ మనశ్శాంతి."

"ఇంట్లోవాళ్ళ అజాగ్రత్తా?" కొడుకు కుర్చీలోంచి సగం లేచాడు. అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. "సార్, నేను బిగించిన లిఫ్టు తాడు తెగితే, ఎక్కినవాడి బరువుది తప్పని చెప్పి తప్పించుకోగలనా? మీ కాఫీ అంత వేడిగా ఎందుకుంది? అది చెప్పండి ముందు."

భర్త తన పక్షాన అలా మాట్లాడటం కోడలికి ఎంత హాయిగా ఉండాలి! హాయిగా లేదు. ఆ ఉదయం నుంచీ కాదు, ఆస్పత్రి రోజు నుంచీ అలాగే ఉంది.

"కప్పు మీద రాసే ఉందండీ, జాగ్రత్త అని" అన్నాడు నున్నటాయన.

అత్తగారు కప్పు ఎత్తి కళ్ళ దగ్గర పెట్టుకున్నారు. "చీమ తలకాయంత అక్షరాలు. పైగా ఆ రోజు నా కళ్ళజోడు దీని దగ్గరే ఉంది, అద్దాలు మార్చాలని" అని గడ్డంతో కోడలివైపు చూపించారు. కోడలు పనిచేసేది కళ్ళజోళ్ళ షాపులో. ఊళ్ళో వాళ్ళందరికీ చూపు సరిచేస్తుంది గానీ, ఆ రోజు ఆవిడ కళ్ళు తన సంచీలో పెట్టుకుని తిరిగింది.

"వేడి సంగతి అడిగారు కాబట్టి..." నున్నటాయన లాప్‌టాప్ తెరిచి అందరివైపూ తిప్పాడు. "మా కౌంటర్ల దగ్గర కెమెరాతోపాటు మైకు కూడా ఉంటుంది. మావాళ్ళు మర్యాదగా మాట్లాడుతున్నారో లేదో చూసుకోవడానికి. ఇది నేను చూపించకూడదనే అనుకున్నాను. ఇంట్లో వాళ్ళ మధ్య లేనిపోనివి..."

అలా ఏమీ అనుకోలేదు ఆయన. ఆ మాట వింటూనే కోడలికి అర్థమైంది. ఆయన పొద్దున లేచి గడ్డం గీసుకుంటున్నప్పటి నుంచీ ఇది చూపించాలనే అనుకుంటున్నాడు.

తెర మీద కౌంటరు. పైనుంచి తీసిన బొమ్మ. తన జడ, తన భుజం, తన సంచీ. ఎదురుగా టోపీ పెట్టుకున్న పల్చటి అమ్మాయి. తన గొంతు తనకే పరాయిదానిలా వినిపించింది, ఇంట్లో ఎప్పుడూ లేనంత గలగలా.

"మంచి వేడిగా ఇవ్వమ్మా. మా అత్తగారికి నాలుక కాలితే గానీ కాఫీ తాగినట్టుండదు. ఇవాళైనా ఆ నోరు కాలి ఒక్క పూట మూతపడితే, నీకు పుణ్యముంటుంది."

టోపీ అమ్మాయి పకపకా నవ్వింది. నవ్వి, ముందుకు వంగి, "అయ్యో మేడమ్, మా..." అంది.

అక్కడితో బొమ్మ ఆగిపోయింది.

కోడలు తలెత్తలేదు. బల్ల చెక్కలో ఒక గీత ఉంది, దాన్నే చూస్తోంది. పక్క నుంచి భర్త చూపు చెంపకి తగులుతోంది. అత్తగారివైపు నుంచి మాత్రం ఏమీ లేదు. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదని బంధువులంతా అంటారు. అలాంటి మనిషి ఊపిరి కూడా వినిపించకుండా కూర్చుంది.

"అడిగారు, ఇచ్చాం" అన్నాడు నున్నటాయన, చాలా విచారంగా. "కాలాలనే కోరుకున్నారు, కాలింది. ఇందులో మేమెక్కడున్నామండీ? అత్త మీద కోపం దుత్త మీద చూపించారని సామెత. ఇక్కడ ఆ దుత్త మా కాఫీ అయింది, అంతే. ఇది కాఫీ గొడవ కాదు సార్, ఇంటి గొడవ."

కోడలికి ఆ అమ్మాయి మాట గుర్తుంది. 'మా' దగ్గర ఆగిపోయింది తెర మీద మాత్రమే. ఆమె చెవుల్లో ఏ రోజూ ఆగలేదు.

"అయ్యో మేడమ్, మా కాఫీ మామూలుగానే విపరీతమైన వేడి. ఆవిణ్ణి మూత తీయొద్దని చెప్పండి. మొన్ననే ఇక్కడ ఒక పాప చెయ్యి కాలింది. వేడి తగ్గించమని పైవాళ్ళకి చెప్పీ చెప్పీ మా నోళ్ళు పడిపోయాయి. ఆఫీసుకెళ్ళేవాళ్ళు తాగేసరికి చల్లారకూడదట, తగ్గించేది లేదన్నారు."

అలా అని, కప్పు మీద మూత అరచేత్తో చుట్టూ ఇంకోసారి నొక్కి మరీ ఇచ్చింది ఆ పిల్ల.

చెబుదామనే కారు దగ్గరికి వెళ్ళింది కోడలు. "అత్తయ్యా, ఇది..." అని మొదలుపెట్టింది కూడా. లోపల్నుంచి చెయ్యి చాస్తూ ఆవిడ అన్నారు: "ఎప్పట్లాగే చల్లార్చి తెచ్చావా మూగమ్మా?"

ఏడేళ్ళు. పెళ్ళయిన మర్నాడు పొద్దున ఇచ్చిన మొదటి కప్పు నుంచీ అదే మాట. పొయ్యి మీంచి దించి పరిగెత్తుకొచ్చి ఇచ్చినా అదే మాట. పెదవి తగలకముందే, కప్పులోకి చూడకముందే, చల్లారిపోయిందంటారు. పాలు పొంగినంత సహజంగా కోడలికి ఆ క్షణం లోపలేదో పొంగింది. నాలుక చివరిదాకా వచ్చిన మాటని వెనక్కి మింగి, "తాగి చూడండి" అని కప్పు చేతికిచ్చింది.

మర్చిపోయిందా, మానేసిందా? ఈ ప్రశ్న ఆమె తనని తాను అడగని రోజు లేదు. జవాబు వచ్చిన రోజూ లేదు.

తలెత్తింది. నున్నటాయన ఆమెనే చూస్తున్నాడు. గెలిచినవాడి చూపు కాదది. పరిచయస్థుడి చూపు. ఆ టోపీ అమ్మాయి చెప్పిన మాట ఆయనకీ తెలుసు. అది ఈమెకి గుర్తుండి తీరుతుందని కూడా తెలుసు. ఆ మాట మొత్తం బయటికొస్తే, ముందే తెలిసీ వేడి తగ్గించని కంపెనీ దొరికిపోతుంది. ముందే తెలిసీ నోరు విప్పని కోడలూ దొరికిపోతుంది. తేలు కుట్టిన దొంగలిద్దరు బల్లకి అటొకరు, ఇటొకరు. నువ్వు అరవకు, నేనూ అరవను. అదీ ఆ చూపు.

ఆమె చూపు తిప్పేసుకుంది.

"సంతకం పెట్టెయ్యమ్మా" అన్నాడు భర్త. గొంతు మారిపోయింది. కంపెనీ మీద ఇంతకాలం పెంచుకున్న కోపం పెళ్ళాం మీదికి మళ్ళడానికి ఎంతసేపు పట్టింది? కుర్చీ ఇటు తిప్పినంతసేపు. "ఇంకేం మొహం పెట్టుకుని వాళ్ళని అడుగుతాం? నోరు కాలాలట! దీని సంగతి ఇంటికెళ్ళాక తేలుస్తాను."

"ఏవండీ, అది ఏదో నవ్వులాటకి..."

"నువ్వు మాట్లాడకు. మీ అన్నయ్యని రమ్మని నేనే ఫోన్ చేస్తాను."

అన్నయ్యని రమ్మనడం అంటే ఏమిటో ఆమెకి తెలుసు. సూట్‌కేసు సర్దుకోమనడం. కంపెనీ పెట్టమంటున్న సంతకం కాగితంలో 'ఇంట్లోవాళ్ళు' అంటే తనొక్కతే. ఆ సంతకంతో తను ఆ ఇంటి మనిషి కాకుండా పోతుంది.

నున్నటాయన పెన్ను మూత తీసి, మర్యాదగా వెనకవైపు తిప్పి అత్తగారికి అందించాడు. ఆవిడ తీసుకున్నారు. కాగితం దగ్గరికి లాక్కున్నారు. కొత్త కళ్ళజోడు ముక్కు మీదికి తోసుకున్నారు. ఆ అద్దాలు కోడలు బిగించినవే.

"అది ఇంకోసారి వెయ్యండి" అన్నారు.

"ఎందుకమ్మా, మళ్ళీ మీకు బాధ..."

"నా బాధ నాది. వెయ్యండి."

వేశాడు. నాలుక కాలాలి. నోరు మూతపడాలి. పుణ్యముంటుంది. పకపకా నవ్వు. "అయ్యో మేడమ్, మా..."

"తర్వాత?"

"తర్వాతేం లేదమ్మా. అంతే."

"అదేమిటి, ఆ పిల్ల నోరు తెరిచే ఉందిగా? చూడండి, తెర మీద ఇంకా తెరుచుకునే ఉంది."

నిజమే. టోపీ అమ్మాయి నోరు తెరిచి అలాగే బిగుసుకుపోయి ఉంది.

"అది మన విషయానికి సంబంధం లేనిదమ్మా."

"మీకు లేదేమో, నాకుంది. మా కోడలు నన్నేమనుకుంటుందో నాకు ఈ సినిమా చూస్తేనే తెలుస్తుందా? అది వంటింట్లో గిన్నె కింద పెట్టే చప్పుడులోనే వింటాను రోజూ. ఒకత్తి అత్తని తిట్టుకుంటే ఎదుటిది ఏమంది అన్నదే అసలు కథ. వంత పాడిందా, 'మా అత్త కూడా అంతే' అందా, నన్ను చూడకుండానే నామీద ఇంకో నాలుగు వేసిందా? టికెట్ల కౌంటరు వెనక కూర్చుని జీతం తిన్నదాన్ని. కిటికీ అవతలి మనిషి ఒక మాట విసిరితే ఇవతలి మనిషి ఊరుకోదు. ఏమందో వినాలి నేను. విన్నాకే సంతకం పెడతాను."

అత్తగారి పౌరుషం ఎటు దారితీస్తోందో ఆవిడకే తెలియదు. తెలిసినవాళ్ళు ఇద్దరే, బల్లకి అటొకరు, ఇటొకరు.

మధ్యవర్తి ఫ్లాస్కు మూత కింద పెట్టాడు. "పూర్తి రికార్డింగు ఉందా?"

"కనుక్కోవాలి సార్. అవి కొన్నాళ్ళకి చెరిగిపోతుంటాయి..." మొదటిసారి ఆ నున్నటి గొంతులో గరుకు తగిలింది.

"ఈ ముక్క చెరక్కుండా, ఆ తర్వాతి ముక్కే చెరిగిందా?"

"కనుక్కుంటాను సార్."

"పోనీ ఆ అమ్మాయిని పిలిపించండి."

"ఆమె ఉద్యోగం మానేసింది సార్."

"మానేసిందా, మానిపించారా?" అన్నారు అత్తగారు.

మధ్యవర్తి రుమాలుతో ముక్కు తుడుచుకుని కోడలివైపు తిరిగాడు. "మీరక్కడే ఉన్నారు కదమ్మా. ఏమంది ఆ అమ్మాయి?"

"బాగా గుర్తుంటేనే చెప్పండి మేడమ్" అన్నాడు నున్నటాయన వెంటనే, ఎంతో దయగా. "ఎప్పటి మాటో. గుర్తు లేకపోతే లేదనడంలో తప్పేం లేదు. ఎవరూ ఏమీ అనుకోరు."

దారి వేసి, దీపం పెట్టి, చెప్పులు కూడా అందించాడు. గుర్తు లేదు. రెండు మాటలు. నవ్వులాటకి అన్న మాటే మిగులుతుంది. భర్త కొన్నాళ్ళు గుడ్లురుముతాడు, కాళ్ళావేళ్ళా పడితే అన్నయ్యని పిలవడు. అడకత్తెరలో పోకచెక్కకి తప్పించుకునే సందు దొరకడం లోకంలో ఎక్కడైనా ఉందా? ఇక్కడ దొరికింది.

అత్తగారు దిండు మీద కాస్త పక్కకి జరిగి, పెదవి కొరుక్కున్నారు. రోజూ పొద్దున కట్టు మార్చేటప్పుడు ఇలాగే కొరుక్కుంటారు. కట్టు మార్చేది కోడలే. గుడ్డ ఊడదీస్తుంటే తువ్వాలు అంచు నోట్లో కుక్కుకుని గోడవైపు తిరుగుతారు. ఉప్పు ఎక్కువైనా, కరెంటు పోయినా, కుళాయి కారినా కోడలి మీదే పెట్టే మనిషి, ఈ ఒక్కదాన్ని మాత్రం ఏనాడూ కోడలి మీద పెట్టలేదు. 'నువ్విచ్చావు గనకే' అని ఒక్కసారైనా అని ఉంటే కోడలికి ఇప్పుడు 'గుర్తులేదు' అనడం ఎంత సులువుగా ఉండేది!

"గుర్తుంది" అంది కోడలు.

నున్నటాయన కనుబొమలు పైకి లేచాయి.

"అయ్యో మేడమ్, మా కాఫీ మామూలుగానే విపరీతమైన వేడి, ఆవిణ్ణి మూత తీయొద్దని చెప్పండి, అందండీ."

ఊపిరి తీసుకోవడానికి ఆగింది. ఆగకుండా ఉండాల్సింది.

"విన్నారు కదా సార్!" నున్నటాయన అరచెయ్యి బల్ల మీద పడింది. "మావాళ్ళు హెచ్చరించారు. నోటితో, స్పష్టంగా, మూత తీయొద్దని. ఇంతకంటే ఏ కంపెనీ ఏం చెయ్యగలదు? మేడమ్, ఆ మాట మీ అత్తగారికి చెప్పారా?"

"అది కాదండీ, ఆ అమ్మాయి ఇంకా..."

"చెప్పారా, లేదా? అవునో కాదో చాలు."

"లేదు."

ఆ ఒక్క మాట గదిలో పడి పగిలింది. భర్త లేచి నిలబడ్డాడు. కుర్చీ వెనక్కి జరిగి గోడకి కొట్టుకుంది. "తెలుసా నీకు? తెలిసే ఇచ్చావా? ఆస్పత్రిలో నా పక్కన కూర్చుని ఏడ్చావే, అప్పుడూ తెలుసా?"

"ఏవండీ, ఇంకా ఉంది, పూర్తిగా చెప్పనివ్వండి..."

"ఇంకేం చెప్తావు? నోరు ముయ్!"

నున్నటాయన లాప్‌టాప్ మూసేశాడు. కాగితాలు సర్దుతున్నాడు. ఇంతసేపూ తనని దాచమన్న మనిషి, తను నోరు విప్పగానే సగం మాట లాక్కుని దాంతోనే ఉరి బిగించాడు. తనని ఉరితీసే సగం అందరికీ వినిపించింది. కంపెనీని పట్టిచ్చే సగం తన గొంతులోనే ఉండిపోయింది. ఇప్పుడు చెప్పినా ఎవరు నమ్ముతారు? తప్పించుకోవడానికి అల్లిందనరూ?

టక్. టక్. అత్తగారు పెన్నుతో బల్ల మీద కొడుతున్నారు.

"కూర్చోరా."

"అమ్మా, ఇది నిన్ను..."

"కూర్చోమన్నానా. దాని మాట ఇంకా అవలేదు." ఆవిడ మొహం చూస్తే భయం వేస్తుంది. పాలిపోయి, రాయిలా ఉంది. "ఏడేళ్ళుగా అది నోరు తెరవగానే అడ్డుపడుతున్నాను. ఆ హక్కు నాది, అత్తని కాబట్టి. ఈయనకెవరిచ్చారు?"

నున్నటాయన ఏదో అనబోయాడు. మధ్యవర్తి చెయ్యెత్తి ఆపాడు.

అత్తగారు ఆ రోజంతటిలో మొదటిసారి కోడలి మొహంలోకి చూశారు. కార్లో చెయ్యి చాచినప్పటి చూపు కాదు. దానికంటే చెడ్డది.

"కారు దగ్గర 'అత్తయ్యా, ఇది' అన్నావు. నాకు గుర్తుంది. ఏదో చెప్పబోయావని ఆస్పత్రి మంచం మీద పడుకుని రోజూ అనుకునేదాన్ని. అడగలేదు. అడిగితే ఇది వినాల్సొస్తుందని." పెన్ను మూత పెట్టేసి కాగితం మీద అడ్డంగా పడేశారు. "నీ సంగతి నేను మర్చిపోను. పుండు మానినా మర్చిపోను. ఇక్కణ్ణుంచి నువ్వు ఏ ఇంటికెళ్తావో తర్వాత తేల్చుకుందాం. ముందు ఆ పిల్ల తెరిచిన నోరు ఇంకా మూతపడలేదు. మిగతాది చెప్పు."

భర్త నిలబడే ఉన్నాడు. మధ్యవర్తి కాగితం మీద కలం ఆనించి ఎదురుచూస్తున్నాడు. బల్లకి అవతల నున్నటాయన నుదుటి మీద, అంత చల్లటి గదిలో, చెమట మెరిసింది. ఆయన కోడలివైపు చూసి తల అడ్డంగా ఊపాడు, ఎవరికీ కనిపించనంత చిన్నగా.

కోడలు ఈసారి ఊపిరి ముందే తీసుకుంది.

"మొన్ననే ఇక్కడ ఒక పాప..." అని మొదలుపెట్టింది.